కాలరు లోపలి పీలిక

ఆ వేసవిలో మూడువందల పన్నెండు జతల యూనిఫాములు కుట్టాం. అందులో ఒక్క జత తిరిగొచ్చింది. కుట్టు బాగాలేక కాదు. మా షాపు కుట్టుకి వంక పెట్టే మొనగాడు ఇంకా పుట్టలేదని మా మామయ్య ఇప్పటికీ అంటారు, అందులో అబద్ధమేం లేదు. ఆ జత ఎందుకు తిరిగొచ్చిందో చెప్పాలంటే ముందు మా షాపులో ఉన్న ఒక అలవాటు చెప్పాలి. అది చెప్పడానికి కూర్చుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. సగం మంట వాళ్ళమీద, సగం నామీద.

మామయ్య కటింగ్ మాస్టరు. మనిషి గుమ్మంలో ఉండగానే ఛాతీ ఎంతో, నడుమెంతో చెప్పేస్తారు. తర్వాత టేపు పెట్టి చూస్తే అరంగుళం తేడా రాదు. అంత చూపున్న మనిషికి పేర్లు మాత్రం గుర్తుండవు. గుర్తుండవని ఆయనంటారు, గుర్తుపెట్టుకోవాలని ఏనాడూ అనుకోలేదని నేనంటాను. కొలతల పుస్తకంలో పేరుండాల్సిన చోట ఆయన ఒక గుర్తు రాయిస్తారు. గూని. పొట్టి. బానపొట్ట. ఎత్తుపళ్ళు. ఎత్తుపళ్ళకీ చొక్కాకీ ఏం సంబంధమని పెళ్ళైన కొత్తలో అడిగాను. మొహం గుర్తొస్తే కొలత గుర్తొస్తుందన్నారు. కొత్త కోడల్ని, నవ్వి ఊరుకున్నాను. నా రాత గుండ్రంగా ఉంటుందని ఆ ఏడాదే పుస్తకం నా చేతికిచ్చారు. అప్పట్నుంచి పద్నాలుగేళ్ళు ఆయన చెప్పడం, నేను రాయడం.

బట్ట కత్తిరించాక అదే మాటని తెల్లగుడ్డ పీలిక మీద చెరగని పెన్నుతో రాసి, కాలరు లోపల రెండు కుట్లేస్తాం. ఒకరి ముక్కలు ఇంకొకరి ముక్కల్లో కలిసిపోకుండా ఇది ఏర్పాటు. అన్నీ అయ్యాక ఇస్త్రీ బాబాయి ఆ రెండు కుట్లూ తెంపి, పీలికని పారేసి, బట్ట మడతపెట్టి ఇస్తాడు. తీసుకెళ్ళే మనిషికి షాపులో తన పేరేమిటో ఎప్పటికీ తెలియదు. తెలియదు కాబట్టి తప్పు లేదనుకున్నాం. అసలు తప్పా ఒప్పా అని అనుకున్నదే లేదు, నిజం చెప్పాలంటే.

ఆ ఏడాది మా అమ్మాయి చదివే ఆడపిల్లల బడి ఆర్డరు మాకొచ్చింది. అంత పెద్ద ఆర్డరు మా షాపు మొహం ఎప్పుడూ చూడలేదు. సెలవులివ్వడానికి వారం ముందు నేనూ మామయ్యా టేపు, పుస్తకం పట్టుకుని బడి హాల్లో కూర్చున్నాం. ఇలాంటి ఆర్డర్లకి ఆరు సైజులు పెట్టుకుంటాం. ఆ ఆరింట్లో ఇమిడినవాళ్ళకి సైజు నంబరూ వరస నంబరూ చాలు. ఇమడనివాళ్ళకి విడిగా కత్తిరించాలి, కాబట్టి వాళ్ళకి గుర్తు కావాలి. అలాంటివాళ్ళు నలభై ఒక్కమంది తేలారు. అంటే ఒళ్ళు కాస్త అటూ ఇటూ ఉన్న ప్రతి పిల్లకీ ఒక మాట దొరికింది, మిగతావాళ్ళు అంకెలతో బతికిపోయారు.

ఒకే గుర్తు ఇద్దరికి పెట్టకూడదు, పెడితే ముక్కలు కలిసిపోతాయి. 'లావు' మొదటి క్లాసులోనే ఖర్చయిపోయింది. తర్వాత 'బొద్దు', తర్వాత 'దుక్క'. కాస్త మర్యాదున్న మాటలు అయిపోయేకొద్దీ మోటుమాటలు బయటికి రావడం మొదలైంది. మామయ్య కుర్చీలో వెనక్కి వాలి, పిల్లకి వినపడకుండా పెదవి చివర్నుంచి ఒక మాట వదిలేవారు. నేను మర్యాదకి పిల్లనే పేరు అడిగేదాన్ని. చెవి మాత్రం మామయ్య వైపు ఉండేది.

ఎనిమిదో తరగతి వరసలో మా అమ్మాయి స్నేహితురాలు వచ్చింది. రెండో తరగతి నుంచి ఇద్దరిదీ ఒకే బెంచి. సెలవు రోజున మా ఇంట్లోనే ఉండేది. లెక్కల్లో మా పిల్లకి ఆ పిల్లే దిక్కు, నవ్విందంటే పక్కింటికి వినపడేది. వాళ్ళమ్మ బస్సు కండక్టరు, తల్లీకూతుళ్ళిద్దరే. నా ముందు నిలబడి, కొత్తవాళ్ళకి చెప్పినట్టు ఇంటిపేరుతో సహా తన పేరు చెప్పింది, ఆటపట్టిస్తూ. నేనూ నవ్వాను. చేతులెత్తమంటే సగమే ఎత్తింది. ఒంటిమీద టేపు తిరుగుతుంటే నవ్వు తగ్గించి గోడవైపు చూసింది. మామయ్య కాసేపు వెతుక్కుని, "బండ" అన్నారు.

ఆ పిల్ల పేరు నాకు తెలుసు. ఏం ఇష్టమో తెలుసు, దేనికి ఏడుస్తుందో తెలుసు. అయినా రాశాను. ఉప్పు డబ్బా మీద ఉప్పు అని రాసినట్టు రాశాను. ఆ తర్వాత మా అమ్మాయి వచ్చింది. దానికి మామయ్య సొంతంగా కత్తిరిస్తానన్నారు, మనవరాలు మరి. 'మన పిల్ల' అని రాయమన్నారు. అదీ రాశాను.

వేసవంతా ఊపిరాడని పని. మూడు మిషన్లూ పొద్దున మొదలైతే భోజనానికి తప్ప ఆగలేదు. ఇల్లూ షాపూ ఒకటే కాబట్టి వంటింట్లో కూడా దారప్పోగులే. ఆఖరి వారంలో హెడ్మిస్ట్రెస్ ఫోన్ చేసింది. ఆటల పీరియడులో పిల్లల చొక్కాలు తారుమారవుతున్నాయట, కాలరు లోపల ఎవరి గుర్తు వాళ్ళకి ఉంచమని చెప్పింది. ఆవిడ ఉద్దేశం పేర్లు. ఫోన్ ఎత్తింది మా ఆయన. ఆయన ఇస్త్రీ బాబాయితో, ఈసారి పీలికలు తెంపొద్దట, బడివాళ్ళే ఉంచమన్నారు అని చెప్పారు. బాబాయికి ఒక పని తగ్గింది, సంతోషించాడు. ఆ మాట జరిగినప్పుడు నేను పక్క మిషను మీదే ఉన్నాను, మామయ్య కటింగ్ టేబులు దగ్గర ఉన్నారు. నా చెవిన పడింది. మా నలుగురిలో ఒక్కరికీ చీమ కుట్టినట్టయినా లేదు. అన్నేళ్ళ అలవాటులో మాకు అవి తిట్లుగా వినపడ్డం మానేశాయి. మాకు అవే పేర్లు.

బడి తెరిచిన మూడోరోజు సాయంత్రం మా అమ్మాయి వచ్చి, బ్యాగు కింద పెట్టకుండానే గుప్పిట విప్పింది. తన కాలరులోంచి పీకేసిన పీలిక ఉంది అందులో.

"ఇది నీ రాతే కదమ్మా?"

నాదే అన్నాను. దేని గురించి అడుగుతోందో అప్పటికి నాకు అర్థం కాలేదు. అది నిలబడే చెప్పింది. ఆటల పీరియడు అయ్యాక బట్టలు మార్చుకునే గదిలో చొక్కాలన్నీ ఒకే కుప్పగా ఉన్నాయట. కొత్తవి, అన్నీ ఒకేలా ఉన్నాయి. ఒక పిల్ల తనది వెతుక్కుంటూ ఒక చొక్కా కాలరు తిప్పి చూసి, పైకెత్తి పట్టుకుని, 'బండ, ఇదెవరిది' అని అడిగిందట. గదంతా నవ్వులు. చొక్కా కావాలంటే చెయ్యి చాపాలి కదా. మా పిల్ల స్నేహితురాలు చెయ్యి చాపి, నాదే అని చెప్పి తీసుకుందట.

తర్వాత అందరూ అందరి కాలర్లూ తిప్పుకున్నారు. నంబర్లున్నవాళ్ళు మాటలున్నవాళ్ళని చూసి నవ్వారు, మాటలున్నవాళ్ళలో కొందరు తమకంటే చెడ్డమాట వచ్చినవాళ్ళని చూసి నవ్వారు. చివరికి మా అమ్మాయి చొక్కా లాగి చూశారు.

"మన పిల్ల అని ఉందమ్మా నాకు. తను చదివింది. చదివి నీ రాత గుర్తుపట్టింది, మన ఇంట్లో ఎన్నిసార్లు చూడలేదు. తన పుస్తకాలు తీసుకుని వెనక బెంచీకి వెళ్ళిపోయింది."

ఆ మాట చెప్పాకే అది ఏడ్చింది. దగ్గరికి తీసుకోబోతే చెయ్యి తోసేసింది. ఆ పిల్ల మర్నాడు బడికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

నేను మామయ్యని నిలదీశాను. పద్నాలుగేళ్ళలో ఆయన ముందు గొంతు పెంచింది అదే మొదలు. ఆయన కత్తెర ఆపలేదు. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అన్నారు. వీధి వీధంతా నన్ను కుంటి మాస్టరంటుంది, యాభై ఏళ్ళుగా అంటోంది, చచ్చిపోయానా, కర్రపట్టుకునే మూడు మిషన్ల షాపు పెట్టానా లేదా అని అడిగారు. ఈ కాలం పిల్లలు ఉల్లిపొర కంటే పలుచన అన్నారు. మా ఆయన ఎప్పట్లాగే గోడమీద పిల్లి. నాన్న అన్నదీ నిజమే, నువ్వన్నదీ నిజమే అని, బొత్తాలు తక్కువయ్యాయని బజారుకి వెళ్ళిపోయారు.

ఆ సమయానికి షాపులో భాషా పాఠాలు చెప్పి రిటైరైన టీచరుగారు ఉన్నారు, జాకెట్టు కోసం వచ్చి. వయసుతో ఆవిడ వీపు బాగా వంగింది. మా పుస్తకంలో ఆవిడ గుర్తేమిటో చెప్పక్కర్లేదు. మామయ్య ఆవిడ్ని తీర్పు చెప్పమన్నారు. చదువుకున్న మనిషి తనవైపే మాట్లాడుతుందని ధీమా.

ఆవిడ నిదానంగా చెప్పారు. లావంటే ఒకప్పుడు బలమనే అర్థమట. లావున్నవాడంటే దమ్మున్నవాడని. మనమే దాన్ని కొవ్వుకి దించేశామట. మామయ్య టేబులు మీద అరచేత్తో కొట్టి, విన్నావా అన్నట్టు నా వంక చూశారు. ఆవిడ ఆగలేదు.

"ఉండండి మాస్టారూ. మాట ఎక్కడ పుట్టిందన్నది సగమే. ఇవాళ ఎవరు, ఎవర్ని, ఎవరి ముందు అన్నారన్నది మిగతా సగం. చంటిదాన్ని బొద్దుగా ఉందనండి, తల్లి మురిసిపోతుంది. పదమూడేళ్ళ పిల్లననండి, ఆ పూట అన్నం మానేస్తుంది. నాజూకు పరాయి భాషలోంచి వచ్చిన మాటే, వచ్చిన రోజు నుంచీ దాన్ని అందలం మీద మోస్తున్నాం. సన్నదనానికి దొరికిన మర్యాద లావుకి దొరకలేదు. ఆ పక్షపాతం మాటల్లో లేదు, మనలో ఉంది. బండ అన్న మాటకి మాత్రం నేను చరిత్ర వెతకను. అది రాయి. దాన్ని విసరడానికే వాడతారు."

మామయ్య ఏదో అనబోయారు. ఆవిడ జాకెట్టు సంచిలో పెట్టుకుంటూ, ఇన్నేళ్ళుగా మీ దగ్గరికే ఎందుకొస్తున్నానో తెలుసా, నా వీపుకి కుదిరేలా ఇంకెవరూ కుట్టలేరు కాబట్టి అన్నారు. ఎంత వంపు ఉందో మీ కత్తెరకి తెలియాలి, మీ నోటికి తెలియక్కర్లేదు అని కూడా అన్నారు. వెళ్ళిపోయారు.

ఆ మాట నాలో దిగబడిపోయింది. కుడిభుజం అరంగుళం దిగింది అని రాస్తే బట్ట కుదురుతుంది. వీపు వంపు ఇంత అని రాస్తే బట్ట కుదురుతుంది. గూని అని రాస్తే ఏ బట్టా కుదరదు. పద్నాలుగేళ్ళు నేను రాసిందాంట్లో సగం కత్తెరకి పనికిరాని మాటలే. మరి ఎవరికి పనికొచ్చాయి? మా నవ్వులకి పనికొచ్చాయి. మధ్యాహ్నం పూట టీ తాగుతూ పుస్తకం తిరగేసి నవ్వుకున్న రోజులు నాకు గుర్తున్నాయి. ఆ నవ్వుల్లో నా నవ్వూ ఉంది.

అదే రోజు మధ్యాహ్నం కండక్టరమ్మ వచ్చింది. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, టిక్కెట్ల సంచి భుజానే ఉంది. యూనిఫాం జత కటింగ్ టేబులు మీద పెట్టి, చొక్కా కాలరు విప్పి మాకు కనపడేలా పరిచింది. ఇస్త్రీ బాబాయి పెట్టె పక్కన పెట్టేశాడు. మిషన్లు ఆగాయి.

"ఇదెవరు రాశారు?"

"నేనే," అన్నాను.

"మా పిల్ల పేరు మీకు తెలీదా?"

"తెలుసు."

"మీ ఇంట్లో తింది, మీ పిల్లతో పాటు మీ మంచంమీద పడుకుంది. తెలీకేం. అయితే రాసింది ఒకసారి చదవండి. నా మొహం చూసి చదవండి."

పదేళ్ళ పైన సునాయాసంగా రాసిన చేతికి, ఒక్కసారి పలకడానికి నోరు తోడు రాలేదు. ఆవిడ ఎదురు చూసింది. తొందరపడలేదు. బస్సులో చిల్లర లేదనేవాళ్ళని చూసి చూసి ఆవిడకి ఓపిక అలవాటే.

మామయ్య కల్పించుకుని, జరిగిందేదో జరిగింది, కొత్త జత నేనే నా చేత్తో కుట్టి ఇస్తా, పిల్లని పంపమ్మా అన్నారు.

"మీ టేపు నా కూతురి ఒంటిమీద ఇంకోసారి పడదు," అంది ఆవిడ. "మూడు రోజులుగా అద్దానికి దుప్పటి కప్పింది. స్నానానికి వెళ్ళాలన్నా లైటు తీసేసి వెళ్తోంది. నా కడుపున పుట్టిన పిల్ల, నా ముందు బట్టలు మార్చుకోవడానికి సిగ్గుపడుతోంది. ఇది మీరు కుట్టివ్వగలరా?"

జత అక్కడే వదిలేసి వెళ్ళింది. మామయ్య చాలాసేపు కత్తెర ముట్టుకోలేదు. తర్వాత ముట్టుకున్నారు. నాకు అది చూసి ఇంకా మండింది.

మర్నాడు బడికి వెళ్ళాను. హెడ్మిస్ట్రెస్‌కి సంగతి అప్పటికే తెలుసు. పిల్లలు కదా, నాలుగు రోజుల్లో మర్చిపోతారు అంది, చేతిలో ఉన్న కాగితాల మీంచి తలెత్తకుండా. నాకు ముప్ఫైయారేళ్ళు. నాకు ఏడేళ్ళున్నప్పుడు కుటుంబమంతా ఫొటో దిగుతుంటే మా పెద్దమ్మ, నల్లపిల్లని వెనక నిలబెట్టండి అంది. ఆ ఫొటోలో నా నుదురు మాత్రం కనపడుతుంది. ఏ భుజాల మధ్యలోంచి నిక్కి చూశానో కూడా నాకు గుర్తే. ఎవరు మర్చిపోతారు? అన్నవాళ్ళు మర్చిపోతారు. ఆ మాట హెడ్మిస్ట్రెస్‌తోనే అన్నాను, కాస్త గట్టిగానే అన్నాను. నలభై ఒక్కమంది చొక్కాల్లో పీలికలు నేనే వచ్చి విప్పుతానని, పిల్లల పేర్ల జాబితా కావాలని అడిగాను. ఇచ్చింది, ఇవ్వక చస్తుందా.

షాపు పని ఎవరు చేస్తారని ఇంట్లో రగడ. పిల్లలు మర్చిపోతున్నదాన్ని తవ్వి మళ్ళీ పైకి తేవడం దేనికని మా ఆయన. తప్పు ఒప్పుకున్నట్టవుతుంది, వీధిలో తలెత్తుకోలేం అని మామయ్య. ఒప్పుకున్నట్టు అవడం కాదు, ఒప్పుకోడానికే వెళ్తున్నానన్నాను. ఆ పూట ముగ్గురం మూడు వైపులకి తిరిగి కంచాలు పెట్టుకున్నాం. మా అమ్మాయి నాలుగో వైపు. అది తాతయ్యతో మాట్లాడి నాలుగైదు రోజులైంది. ఆయనకి ఆ పిల్లంటే ప్రాణం. ఉండబట్టలేక, నీకు మంచి పేరే రాయించాను కదే, నా మీద అలకెందుకు అన్నారు.

అది కంచంలోంచి తలెత్తింది.

"వీధిలో అందరూ నిన్ను కుంటి మాస్టరంటారు. నేనెప్పుడైనా అన్నానా తాతయ్యా?"

"లేదమ్మా. నువ్వెందుకంటావు?"

"ఎవరైనా ఆ మాట అన్నప్పుడల్లా నువ్వు కర్ర ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటావు. నవ్వుతూనే ఉంటావు, కర్ర మాత్రం మారుస్తావు. నేను చిన్నప్పట్నుంచీ చూస్తున్నా."

మామయ్య కంచంలో ముద్ద కలిపింది కలిపినట్టే ఉంది. మా ఆయన మంచినీళ్ళ గ్లాసు ఆయన దగ్గరికి జరిపారు. కాసేపటికి ఆయన తాగారు.

బడి వరండాలో బల్ల వేసుకుని కూర్చున్నాను. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి చొక్కా ఇచ్చేవారు. కుట్లు విప్పి, పాత పీలిక తీసి, పేరు రాసిన పీలిక వేసి ఇచ్చేదాన్ని. ప్రతి పిల్లకీ క్షమించమని చెప్పాను. కొందరు పర్లేదాంటీ అన్నారు, ఆ పర్లేదు అనడంలోనే వాళ్ళకి ఎంత అలవాటైపోయిందో తెలిసింది. ఒక పిల్ల చొక్కా నా ఒళ్ళో పడేసి, నా మొహం చూడకుండా తీసుకెళ్ళింది. ఆ పిల్ల చేసింది న్యాయం. ఆరో తరగతి పిల్ల ఒకతె మాత్రం, పీల అంటే ఏంటాంటీ అని అడిగింది. పాపం దానికి అప్పటిదాకా ఆ మాటే తెలియదు. సన్నగా ఉన్నవాళ్ళని అలా అంటారని చెప్పాను. మంచి మాటా, చెడ్డ మాటా అని అడిగింది. ఒక పిల్లకి తన ఒళ్ళు చూసుకుని అనుమానపడ్డం నేర్పించి వచ్చాను, అదీ నా చదువు.

రెండోరోజు పదకొండింటికి మామయ్య వచ్చారు. షాపు నుంచి బడికి నాలుగు వీధులు, ఎండలో నడిచే వచ్చారు. బల్ల రెండోవైపు కూర్చుని, కుట్లు విప్పే బ్లేడు జేబులోంచి తీసి, వరసలో ముందున్న పిల్లని పేరడిగారు. ఆ పిల్ల సన్నగా గొణిగింది. ఆయనకి వినపడలేదు. వినపడలేదమ్మా, ఇంకోసారి చెప్పు అన్నారు. ఒక మనిషి పేరు ఆయన రెండోసారి అడగడం నేను అదే మొదలు చూడ్డం.

ఆ సాయంత్రానికి నలభై అయ్యాయి. నలభై ఒకటో పేరు రాసిన పీలిక బల్లమీద మిగిలిపోయింది. ఆ పిల్లని వాళ్ళమ్మ ఊరికి అటుచివర ఉన్న వేరే బడిలో చేర్పించిందని అప్పుడు తెలిసింది. నేను రెండుసార్లు వాళ్ళింటికి వెళ్ళాను. మొదటిసారి తలుపు తియ్యలేదు. రెండోసారి కండక్టరమ్మ తీసి, మీరు మంచివాళ్ళే కావచ్చు, మాకిప్పుడు ఓపిక లేదు అని చెప్పి వేసేసింది. ఆవిడ మీద నాకు కోపం రాలేదు. తెచ్చుకునే హక్కు నాకు లేదు.

పుస్తకం మారింది. కొత్తది కొన్నాం, పేరు గడిలో పేరే రాస్తున్నాం. వీపు వంపు, భుజం దింపు అంగుళాల్లో రాస్తున్నాం. మామయ్య అప్పుడప్పుడు పాత అలవాటు కొద్దీ నోరు తెరిచి, నా వంక చూసి, మూసేసుకుంటారు. వీధిలోవాళ్ళు చెవులు కొరుక్కున్నారు. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చిందని, కోడలు మాస్టరు నోరు కట్టేసిందని అన్నారు. అననీ. మారితే మంచిదే, కాదనను. కానీ మేం బాగుపడ్డానికి ఒక పిల్ల బడి మానాల్సి వచ్చింది. ఎవరైనా మీరు భలే మారారండీ అని మెచ్చుకుంటే నాకు చెంప పగలగొట్టాలనిపిస్తుంది, ముందు నాదే.

వానలు మొదలైన పదిహేను రోజులకి, మా అమ్మాయిని వెంటబెట్టుకుని దారాలు కొనడానికి వెళ్ళి బస్‌స్టాపులో నిలబడ్డాను. రోడ్డు అవతల వైపు స్టాపులో ఆ పిల్ల ఉంది. వేరే బడి యూనిఫాం, వేరే రంగు. మా అమ్మాయి నా చెయ్యి వదిలించుకుని రోడ్డు దాటి పరిగెత్తింది. నేను కదల్లేదు. ఇద్దరూ మాట్లాడుకోవడం కనపడింది. మొదట ఆ పిల్ల తల వంచుకునే ఉంది, తర్వాత ఏదో అంది. నవ్వలేదు. నవ్వితే ఇటువైపుకి వినపడేది.

నా కంటికి పని అలవాటు. చొక్కా భుజం కుట్టు భుజం దాటి మూడంగుళాలు కిందికి జారింది. చేతులు రెండు మడతలు పెట్టినా వేళ్ళ దాకా వస్తున్నాయి. కాలరులో ఇంకో మెడ పడుతుంది. స్కర్టు నడుము దగ్గర పిన్నులు పెట్టి బిగించినట్టుంది, మోకాళ్ళు దాటి పిక్కల మీదికి దిగింది. అది ఆ పిల్ల ఒంటికి కుట్టింది కాదు, దుకాణంలో కొన్న రెడీమేడ్. ఆ పిల్ల కొలతలు నాకు పుస్తకం చూడకుండా వచ్చు. అది మూడు సైజులు పెద్దది.

బస్సొచ్చి ఆ పిల్ల ఎక్కేశాక మా అమ్మాయి తిరిగొచ్చింది. అంత పెద్దది ఎందుకు కొన్నారే అని అడిగాను.

"కొలత తీస్తామంటే వద్దందట. అన్నిటికంటే పెద్దదివ్వండి, ఎంతున్నా పర్లేదు, నన్ను మాత్రం ముట్టుకోవద్దు అని చెప్పి తెచ్చుకుందట."

దాన్ని విప్పి ఆ పిల్లకి సరిపోయేలా తగ్గించడం నాకు అరగంట పని. అడిగే మొహం మాత్రం నాకు లేదు.